ఇంజిన్ చల్లారే పాట

సాయంత్రం నాలుగింటికి మెకానిక్ కుర్రాడు ఎజ్రాని కోర్టుకి తీసుకెళ్తామని ఎస్సై చెప్పేశాడు. కుసుమకుమారి కోటబొమ్మాళిలో ఆటో దిగి, కాలిన వాసన ఇంకా పోని ఆ షెడ్డు ముందు నిలబడేసరికి పదకొండూ ఇరవై అయింది. అంటే చేతిలో ఉన్నది నాలుగు గంటల నలభై నిమిషాలు. ముప్ఫై నాలుగేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయిన మనిషికి అదేమంత తక్కువ సమయం కాదు. కాకపోతే ఇన్నేళ్లలో దర్యాప్తుకి వెళ్లిన ఏ చోటూ ఆవిడ మొగుడు క్యారియర్ విప్పుకుని అన్నం తిన్న చోటు కాదు.

ఆ బల్ల ఇంకా అక్కడే ఉంది. ఒక కాలు విరిగితే ఇటుకలు పెట్టారు, అంతే.

ఆవిడ మొగుడు ధనరాజు పోలీసు జీపు డ్రైవరు. నెలకోసారి జీపుని ఈ పరంజ్యోతి షెడ్డుకి తెచ్చి ఇంజిన్ కడిగించేవాడు. ఆ రోజుల్లో జిడ్డు వదలాలంటే కిరసనాయిలే. రేషన్లో ఇచ్చే నీలం కిరసనాయిలు డబ్బాలో పోసి, సున్నం కుంచె ముంచి, పరంజ్యోతి ఆ ఇంజిన్ని పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు రుద్దేవాడు. ఆ మీదట రంపప్పొట్టు చల్లి తుడిచేవాడు. ఎన్నిసార్లు సబ్బు రాసుకున్నా ఆ రాత్రి ధనరాజు దిండుకి కిరసనాయిలు వాసన వచ్చేది. కుసుమకుమారి విసుక్కునేది. ఇప్పుడు ధనరాజు లేడు, పరంజ్యోతి లేడు, రేషన్లో కిరసనాయిలూ లేదు. విసుక్కుందామన్నా ఆ వాసన దొరకదు.

షెడ్డు మధ్యలో మిల్లు యజమాని నరసింగరావు కారు ముందు సగం నల్లగా మాడి కూర్చుంది. తాడు కట్టిన చోట ఒక కానిస్టేబుల్ కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. షెడ్డు వెనకే ఇల్లు. అందులోంచి గ్లోరీ వచ్చింది. పరంజ్యోతి భార్య, ఎజ్రా తల్లి. నిన్నటి చీరే ఇంకా ఒంటి మీద ఉంది.

"వొదినా, ఇంకేటి మిగిలింది నాకు. శుక్రవారం మన సేపల లక్ష్మణమ్మని ఏదో బండి గుద్దీసి ఎలిపోనాది. ఆ ఏడుపు ఆరకముందే నా కొడుకుని తీసుకుపోనారు."

"ఏడుపు తరవాత ఏడుద్దుం. నానూ ఏడస్తాను నీతోటి. ముందు నిన్నటి పొద్దు సెప్పు. గడియారం ముందట్టుకుని సెప్పు."

కేసు కాగితాల్లో ఉన్నది ఇంతే. సోమవారం ఉదయం ఆరూ నలభైకి నరసింగరావు కారుని అతని డ్రైవరు లక్ష్ముడు ఈ షెడ్డుకి తెచ్చాడు, ఇంజిన్ కడగమని. ఏడూ అయిదుకి మంటలు లేచాయి. లక్ష్ముడి చెయ్యీ మొహమూ కాలి టెక్కలి ఆస్పత్రిలో ఉన్నాడు. ఎజ్రా వేడి ఇంజిన్ మీద పెట్రోలు పోసి కడిగాడని, తాను ఎదురుగా నూకయ్య బడ్డీలో టీ తాగుతూ కళ్లారా చూశానని, పరుగెత్తుకొచ్చి మంట ఆర్పబోతే కాలిందని అతని వాంగ్మూలం.

"నరసింగరావు ముందు ఫోన్ సేసినాడేటి?" అంది కుసుమకుమారి.

"ఆదివారం సాయంత్రం సేసినాడు. మేం పార్థన నుంచి వస్తన్నాం. పొద్దున్నే ఇంజిన్ కడగాల, బాగా గట్టిది పోసి కడుగు, పెట్రోలైనా పరవాలేదన్నాడు. మా గుంటడు నవ్వినాడు. 'పెట్రోలు పోసి ఇంజిన్ కడిగితే మా అయ్య సమాదిలోంచి లేసొచ్చి తంతాడు బాబూ' అన్నాడు."

"మరి దేంతో కడుగుదామనుకున్నాడు?"

"ఆ కిటికీ కాడ సూడు. మీ అన్న పద్దతే."

కిటికీ గట్టు మీద మూడు కొబ్బరి చిప్పలు బోర్లించి ఉన్నాయి. కుసుమకుమారి గుండె ఒక్కసారి ముప్ఫై ఏళ్లు వెనక్కి నడిచింది. కొత్త జిడ్డుమందు ఏది వచ్చినా పరంజ్యోతి నేరుగా బండి మీద పోసేవాడు కాదు. పాత రబ్బరు పైపు ముక్క ఒకటి, అల్యూమినియం ముక్క ఒకటి తీసుకుని, వాటి మీద ఆ మందు చుక్కలు వేసి, చీమలూ దుమ్మూ పడకుండా చిప్ప బోర్లించి రాత్రంతా ఉంచేవాడు. పొద్దున చిప్ప ఎత్తి చూసేదాకా ఎంత పెద్ద ఆఫీసరు తొందర పెట్టినా కదిలేవాడు కాదు. "నా బండయితే ఎలా కడుగుతానో మీ బండీ అలాగే కడుగుతాను సార్" అనేవాడు, ఎదురుగా జిల్లా ఎస్పీ నిలబడినా.

ఆవిడ మొదటి చిప్ప ఎత్తింది. రబ్బరు ముక్క ఉబ్బి, నానబెట్టిన శనగలా మెత్తబడింది. ముక్కుకి ఘాటుగా, రంగుల్లో కలిపే తిన్నర్ వాసన తగిలింది. రెండో చిప్ప కింద రబ్బరు బాగానే ఉంది గాని అల్యూమినియం ముక్క నల్లబడి, వేలితో తడిమితే గరుగ్గా ఉంది. కాస్టిక్ సోడా కలిపిన చవక మందు. మూడోదాని కింద రెండు ముక్కలూ నిన్న కోసినట్టే ఉన్నాయి. అల్యూమినియం మీద తన మొహం మసగ్గా కనిపించింది. ఆ చిప్ప మీద ఎజ్రా సుద్దతో టిక్కు పెట్టాడు.

"ఆ మూడోది ముందు సేంపిలు సీసాలో తెచ్చి సూసి, తరవాత డబ్బా కొన్నాడు. నీలంగా ఉంటాది, నీళ్లలో కలిసిపోతాది," అంది గ్లోరీ. "లీటరు మందుకి నాలుగు లీటర్ల నీళ్లు కలపొచ్చంట. అందరికంటే ఇదే సవకమ్మా, సేతులు మండవు అని సంబరపడిపోనాడు. మీ అన్న సేతులు నీకు గుర్తుంటాయి కదా. పండగనాడు కూడా పగిలిపోయే ఉండీవి."

గుర్తున్నాయి. ధనరాజువీ అలాగే ఉండేవి.

"అదే మందు ఇంజిన్ మీద పడి అంటుకుంది మేడమ్," అన్నాడొకాయన వెనకనుంచి. "కథ ముగిసింది. మీరు ఎండలో రావాల్సిన పని లేదు."

గిరిబాబు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. ఒకప్పుడు కుసుమకుమారి కింద కానిస్టేబుల్‌గా చేరి, ఉద్యోగం వదిలేసి, ఇప్పుడు బీమా కంపెనీల తరఫున దర్యాప్తులు చేస్తున్నాడు. మధ్యాహ్నం మూడుకల్లా అతని రిపోర్టు వెళ్లాలి. దాని నకలు ఎస్సై చేతికీ వెళ్తుంది. షెడ్డు తప్పు అని అందులో రాస్తే ఎజ్రా పని అయిపోయినట్టే.

"ఇక్కడ మీకు ఏ హోదా ఉందో అడగొచ్చా?" అన్నాడు నవ్వుతూ.

"నీకు పంచనామా రాయడం నేర్పిన హోదా. అప్పుడు కూడా సంతకం ముందెట్టి తరవాత రాసీవోడివి. ఇంకా మానలేదేటి?"

కుర్చీలో కానిస్టేబుల్ నిద్ర వదిలి నవ్వు ఆపుకున్నాడు.

గిరిబాబు మొహం బిగుసుకుంది. "ఆ స్తంభం పక్కన డబ్బా చూడండి. జిడ్డు వదిలించే డీగ్రీజర్. మండే రసాయనం."

"మూత తీసి సూసినావా?"

"అవసరం లేదు."

కుసుమకుమారి కానిస్టేబుల్‌ని పిలిచి, అతని కళ్లెదుటే డబ్బా ఎత్తించింది. ఒంటి చేత్తో ఎత్తలేకపోయాడు. సీలు కూడా ఊడలేదు. పై రేకు గోటితో చీల్చి, ఓ సీసా మూతలో కొంచెం నీలం మందు పోసి, షెడ్డు బయట ఎండలో గచ్చు మీద పెట్టింది. గ్లోరీ దగ్గర అగ్గిపెట్టె తీసుకుని పుల్ల గీసి అందులో పడేసింది. పుల్ల చుయ్యిమని ఆరిపోయింది. ఇంకోటి వేసింది. అదీ ఆరిపోయింది.

"నీళ్లలో కలిసే మందు గిరీ. దీంతో పొయ్యి ఆర్పొచ్చు గాని అంటించలేం."

గిరిబాబు ఒక్క క్షణం ఆగి, బల్ల కిందనుంచి ఖాళీ కూల్‌డ్రింకు సీసా తీశాడు. "అయితే ఇది చూడండి. పెట్రోలు. దీనికి మూత కూడా లేదు."

"అది బోల్టులు కడిగే సీసా," అంది గ్లోరీ. "ఎప్పుడూ తలుపు ఎనకాల ఉంటాది. సగానికి ఉండాల."

"ఇప్పుడు లేదుగా. మీవాడు చవగ్గా అయిపోతుందని పోసేశాడు."

"పెట్రోలు పోసీసినారు, ఒప్పుకుంటాను," అంది కుసుమకుమారి. "ఎవరు పోసినారన్నదే సూడాల. గ్లోరీ, మంట లేసినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"వొంటింట్లో. అన్నం వారస్తన్నాను."

"ఎజ్రా?"

"నీళ్ల తొట్టి కాడ. పెరట్లో. బకెట్టు నింపతన్నాడు, ఇంజిన్లో కరెంటు ముక్కలకి నీళ్లు తగలకండా కట్టడానికి పాలిథిన్ కవర్లు ఏరుకుంటన్నాడు."

"నువ్వు సూసినావా?"

"సూడలేదు. ఇన్నాను. పాడతన్నాడు."

కుసుమకుమారి కళ్లు మూసుకుంది. ఆ పాట తెలియనిదెవరికి? తెలిసినవాళ్లు పెద్దగా మిగల్లేదు, అదే బాధ. వేడి ఇంజిన్ మీద ఏ చుక్కా పడకూడదని పరంజ్యోతి పట్టుదల. ముందు వేడి తగలని చోట్ల పొడి మట్టి, ముద్ద జిడ్డు గీకేసేవాడు. దానివల్ల మందు సగం కలిసొస్తుంది. ఆ తర్వాత ఇంజిన్ చల్లారేదాకా ఆగాలి. చేతికి గడియారం ఉండేది కాదు. అందుకని సొంతంగా ఒక దేవుడి పాట కట్టుకున్నాడు. ఆరు చరణాలు. తాపీగా పాడితే సరిగ్గా ఇరవై నిమిషాలు. ఆ పాట చర్చిలో ఎవరూ పాడరు, పుస్తకంలో ఉండదు. ఈ షెడ్డులో బల్ల మీద కూర్చున్నవాళ్లకే వచ్చు. ధనరాజు హిందువే గాని ఇంట్లో తలుపు గొళ్లేనికి నూనె వేస్తూ కూడా అదే పాడేవాడు.

"ఎంతవరకూ పాడినాడు?"

"మూడో సరణం. గొర్రెపిల్ల మాట వస్తాది సూడు, అక్కడ. అంతలోకి బుస్సుమన్నాది. 'అమ్మా' అని అరిసినాడు. నానూ ఆడూ ఒకేపాలి పరిగెత్తినాం. ఇసక పోసింది నాను."

"ఇన్నావు కదా గిరీ. మూడో సరణం అంటే పది నిమిషాలు. బండి వచ్చినాక గీకడానికి ఓ పావుగంట. ఆరూ యాభై అయిదుకి పాట మొదలయితే ఏడూ అయిదు. పాట అవకండా ఎజ్రా డబ్బా మూతే తియ్యడు. తియ్యలేదని ఆ సీలే సెప్తన్నాది."

"సాయంత్రం జడ్జిగారి ముందు పాటని బోనెక్కిస్తారా మేడమ్?" గిరిబాబు పకపకా నవ్వాడు. "తల్లి చెప్పిన సాక్ష్యం, కొడుకు పాడిన పాట. బాగుంది. నా దగ్గర చూసిన మనిషి ఉన్నాడు."

"పద, ఆ సూసిన సోటు సూద్దాం."

రోడ్డు దాటితే నూకయ్య బడ్డీ. నూకయ్య గ్లాసులు కడుగుతున్నాడు.

"నూకయ్యా, నిన్న లక్ష్ముడికి టీ ఎన్నిటికి పోసినావు?"

"పొయ్యనేదమ్మా. పాల పేకెట్లు నిన్న ఏడున్నరకి గాని రానేదు. బస్సు ఫెయిలయిపోనాదంట. పొయ్యే ఎలిగించనేదు, ఇంక టీ ఏటి."

"ఊరికే కూసోడానికి వచ్చినాడేమో."

"ఒక్క బల్లే కదమ్మా ఉన్నాది. దాని మీద నానే తొంగున్నాను."

గిరిబాబు నవ్వు ఆగిపోయింది. కుసుమకుమారి చెయ్యి చాపింది. "నీ ఫోన్లో లక్ష్ముడి ఫొటో ఉంటాది కదా. ఆస్పత్రిలో తీసింది. సూపించు."

ఫొటోలో కుడిచేతి వేళ్లకి కట్టు ఉంది. కనుబొమలు లేవు. మీసం సగం మాడి, నుదుటి మీద జుట్టు ముడుచుకుపోయింది. చొక్కా చేతులు, పంట్లాము ఎక్కడా కాలలేదు.

"రోడ్డవతలనుంచి పరిగెత్తుకొచ్చినోడికి కనుబొమలు ఎలా కాలతాయి గిరీ? బుస్సుమన్న ఆ మొదటి మంట అప్పుడు మొహం ఇంజిన్ మీదే ఉన్నాది. కుడిచేతిలో పుల్ల ఉన్నాది."

గిరిబాబు ఆ ఫొటోని పెద్దది చేసి చూశాడు. మొదటిసారి గొంతు తగ్గించి అడిగాడు. "కాని మేడమ్, ఎజ్రా ఎప్పుడు తిరిగొస్తాడో తెలీకుండా అంత ధైర్యం ఎవరు చేస్తారు? పెట్రోలు తీసి, పోసి, అంటించాలి. కనీసం రెండు మూడు నిమిషాలు."

ఆ ప్రశ్న ఎవరూ అడక్కుండా ఉంటే బాగుండునని ఉదయంనుంచీ కుసుమకుమారి మనసులో ఒక మూల అనుకుంటూనే ఉంది. ఆవిడ రోడ్డు దాటి షెడ్డులోకి వచ్చి, కాలు విరిగిన ఆ బల్ల మీద కూర్చుంది.

"ఎప్పుడొస్తాడో తెలిసినోడే సేసినాడు. పాట ఎంత ఉన్నాదో తెలిసినోడు. పెరట్లో పాట ఇనిపిస్తన్నంతసేపూ ఎజ్రా ఇటు రాడు. పెట్రోలు సీసా ఎక్కడుంటాదో కూడా ఆడికి తెలుసు. లక్ష్ముడికి స్టీరింగు పట్టడం నేర్పింది మా ఆయన. ఇరవయ్యేళ్లప్పుడు రెండేళ్లు మా ఇంట్లోనే ఉన్నాడు. ఇదే బల్ల మీద, ఇదే క్యారియర్‌లో, నా సేతి వంకాయ కూర తిన్నాడు. నన్ను సొంత అక్కలాగ అప్పా అని పిలిసీవోడు. ఇప్పటికీ అదే."

గ్లోరీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు చేశాడు?" అన్నాడు గిరిబాబు.

"అదే తెలీడం లేదు. కారు తగలబెట్టాలంటే దారిలో ఏ తోటలోనయినా తగలబెట్టొచ్చు. ముందు కడగమన్నారు. గట్టిది పోసి కడగమన్నారు. కడక్కముందే తగలబెట్టినారు." ఆవిడ చటుక్కున తలెత్తింది. "గ్లోరీ, ఎజ్రా గీకిన జిడ్డు ఏది?"

పరంజ్యోతి ఇంట్లో ఏదీ పారేయరు. గీకిన జిడ్డుని పాత పేపర్లో పొట్లం కట్టి నీళ్ల పొయ్యి దగ్గర పెడతారు. మర్నాడు పొయ్యి అంటించడానికి కట్టెల కింద అదొక్కటి పెడితే చాలు. జిల్లాలో ఇంకే షెడ్డులోనూ ఈ అలవాటు లేదు. లక్ష్ముడు మర్చిపోయింది ఇదొక్కటే.

"నిన్నటినుంచి పొయ్యి ఎలిగించలేదు వొదినా," అంటూ గ్లోరీ పరుగెత్తి పొట్లం తెచ్చింది.

కుసుమకుమారి మూడో చిప్పని వెల్లకిలా తిప్పి నీలం మందు పోసింది, నీళ్లు కలిపింది. కానిస్టేబుల్‌ని ఫోన్లో వీడియో తియ్యమంది. పొట్లంలోని నల్ల ముద్ద కొంచెం తీసి చిప్పలో వేసి పుల్లతో తిప్పింది. జిడ్డు పాలలా విరిగి కరిగింది. నీళ్లు నల్లబడ్డాయి, బుడగలు లేచాయి. ఆ బుడగల మీదకి తెల్లగా, పల్చగా, గోటి అంత ముక్కలు ఒక్కొక్కటే తేలాయి.

"ఏంటివి?" అన్నాడు గిరిబాబు.

"పొలుసులు," అంది గ్లోరీ. "సేప పొలుసులు."

చిప్ప అడుగున ఇంకేదో పుల్లకి తగిలింది. కుసుమకుమారి వేళ్లతో తీసి తుడిచింది. ఆకుపచ్చ చేతిగాజు ముక్క.

భావనపాడు ఒడ్డునుంచి తట్ట నెత్తిన పెట్టుకుని, ఆ గాజులు గలగలమనిపిస్తూ, "పోలీసమ్మా, కోనేం సేప తెచ్చినాను, నీకు మొగం సూసి ఇచ్చీస్తాను" అంటూ లక్ష్మణమ్మ పాతికేళ్లు పోలీసు క్వార్టర్స్ గుమ్మంలోకి వచ్చింది. శుక్రవారం తెల్లవారకుండానే హైవే పక్కన పడి ఉంది. గుద్దిన బండి ఇంతవరకూ దొరకలేదు.

నూకయ్య రోడ్డు దాటి వచ్చి నిలబడి, తలపాగా తీసేశాడు.

"పైన కడిగినారు, లోపలి జిడ్డులో అంటుకున్నది పోలేదు," అంది కుసుమకుమారి నెమ్మదిగా. "దానికోసం జిడ్డుమందు కావలసొచ్చింది. ఎజ్రా గీకుతుంటే లక్ష్ముడు పక్కనే నిలబడి సూసుంటాడు. పొలుసులు బయటపడతాయని బెదిరిపోనాడు. శుక్రవారం ఆ స్టీరింగు మీద లక్ష్ముడున్నాడో, నరసింగరావే ఉన్నాడో, అది లక్ష్ముడే సెప్పాల. ఆడు సెప్తేనే ఎజ్రా బయటికొస్తాడు. కానిస్టేబుల్ బాబూ, ఎస్సైగారికి ఫోన్ సెయ్యి. ఈ సిప్ప కదిలించకు."

పన్నెండూ యాభై. ఆవిడ టెక్కలి ఆస్పత్రిలో నర్సుగా ఉన్న చెల్లెలి కూతురు ఉషకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"లక్ష్ముడా? ఇప్పుడే తీసుకెళ్లిపోనారు పెద్దమ్మా. పావుగంటయింది. వాళ్ల యజమానే వచ్చి సంతకం పెట్టినాడు, పెద్దాస్పత్రికి ఇశాపట్నం అని. ఆ మనిషి ఎల్లనంటే ఎల్లనని మంచం పట్టుకున్నాడు, ఇద్దరు రెక్కలట్టుకుని తెల్ల కారెక్కించి తీసుకుపోనారు."

ఫోన్ పెట్టేలోపే ఇంకోటి వస్తోంది. తెర మీద పేరు చూసి కుసుమకుమారి వెంటనే ఎత్తింది. లక్ష్ముడు.

"అప్పా" అన్న పిలుపు రాలేదు. బండి హోరు వినిపించింది. దూరంగా, జేబులోంచి వచ్చినట్టు నరసింగరావు గొంతు.

"ఇశాపట్నం ఏటి, పిచ్చోడా. పాతపట్నం మీదుగా పోనీ. ఒడిశాలోకి దిగినాక సెప్తాను ఎక్కడ ఆపాలో. ఆడు తొంగున్నాడేటి?"

"లేదు బాబూ, ఏదో పాడుకుంటన్నాడు." బండి తోలేవాడి గొంతు అది.

"పాడుకోనీ. ఎంతసేపులే."

పగిలిన గొంతు, శ్రుతి లేదు. అయినా పాట తెలుస్తోంది. పల్లవి అయింది, మొదటి చరణం ఎత్తుకున్నాడు. ఎడమ చేత్తో ఎలా నొక్కాడో ఏమో, నోరు తెరిచి ఒక్క మాటా చెప్పలేక, ఆవిడ గుర్తు పట్టే పాట ఒక్కటే ఎంచుకున్నాడు.

కుసుమకుమారి అవతలికి ఇక్కడి చప్పుడు పోకుండా ఫోన్లో మ్యూట్ నొక్కి, గిరిబాబు వైపు తిరిగింది.

"బండి తియ్యి."

"నా రిపోర్టు మేడమ్, మూడింటికి..."

"దార్లో రాద్దుం. ఈసారి సంతకం ఆఖర్న పెట్టు."

గిరిబాబు ఇంకేమీ అనకుండా మోటారు సైకిలు స్టార్ట్ చేశాడు. కానిస్టేబుల్ అప్పటికే పాతపట్నం స్టేషన్‌కి బండి రంగు చెబుతున్నాడు. గ్లోరీ పరుగెత్తుకొచ్చి కుసుమకుమారి చెయ్యి ఒక్కసారి నొక్కి వదిలింది.

"ఆరు సరణాలు గిరీ," అంది ఆవిడ వెనక ఎక్కి కూర్చుని. "అయిపోనాక ఆడు మల్లీ మొదలెడతాడో, మొదలెట్టనిస్తారో తెలీదు. పోనీ, బేగి పోనీ."

హైవే ఎక్కేసరికి పాట మూడో చరణంలోకి వచ్చింది, నిన్న ఎజ్రా పాట తెగిపోయిన గొర్రెపిల్ల మాట దగ్గరికి. కుసుమకుమారి ఫోన్ని చెవికి అదిమిపెట్టి వింటోంది. తనకు తెలియకుండానే ఆవిడ పెదాలు, చప్పుడు లేకుండా, ఆ తర్వాతి మాటని అందిస్తున్నాయి.